మొదటి పాము: కార్న్ స్నేకా, బాల్ పైథానా? బ్రీడర్‌ని ఏమేం అడగాలి?

వానకోయిల
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఒక పాముని పెంచుకోవాలని ఉంది. ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నారు. మేముండే చోట ఏ జాతులకు అనుమతి ఉందో కూడా కనుక్కున్నాను. ఇప్పుడు ఇద్దరు బ్రీడర్లతో మాట్లాడుతున్నాను. ఒకరి దగ్గర కార్న్ స్నేక్ పిల్లలున్నాయి, రెండో ఆయన దగ్గర బాల్ పైథాన్ పిల్లలు. ఫొటోలు చూస్తే బాల్ పైథాన్ మీదికే మనసు పోతోంది. అందులో ఒక స్పైడర్ మార్ఫ్ (మార్ఫ్ అంటే జన్యువుల వల్ల వచ్చే ప్రత్యేక రంగు, గీతల రకం) పిల్ల ఉంది, ఒంటి మీద ఆ సన్నటి నల్లగీతలు చూసి కళ్లు తిప్పుకోలేకపోయాను. కానీ మొదటిసారి కదా, తొందరపడకూడదని అనుకుంటున్నాను. ఏది తీసుకోవాలి? కొనేముందు బ్రీడర్‌ని ఏమడగాలి? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

నల్లరేగడి
కార్న్ స్నేక్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు జాతి. పెద్దదయ్యాక మూడు నుంచి ఐదు అడుగులు, ఒళ్లు సన్నం. వేడివైపు 28-30 డిగ్రీలు, చల్లవైపు 22-24 డిగ్రీలు ఉంటే హాయిగా బతుకుతుంది. తేమ కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, తిండికి పేచీ పెట్టదు. మొదటిసారి పెంచేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

జాగ్రత్త ఎక్కడంటే, మూత దగ్గర. పిల్ల పెన్సిల్ అంత మందం ఉంటుంది, తల పట్టే సందు దొరికితే మిగతా ఒళ్లంతా బయటికి వచ్చేస్తుంది. గట్టిగా బిగిసే మూత, తాళం లేకుండా పిల్లని ఇంటికి తేవద్దు. పాప ఉందన్నారు కాబట్టి తాళం ఎలాగూ కావాలి.

మొగలిపొద
నల్లరేగడి గారి మాట కొట్టిపారేయను గానీ బాల్ పైథాన్‌ని ఇలా పక్కన పెట్టేయడం నాకు నచ్చలేదు. చాలా నెమ్మదైన పాము. కార్న్ పిల్లలు చేతిలోంచి జరజరా జారిపోతుంటాయి, ఇది చేతికి చుట్టుకుని కదలకుండా ఉంటుంది. భయపడితే సాధారణంగా కాటేయదు, తలని లోపల దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. పేరు వచ్చింది కూడా అందుకే. కొత్తవాళ్ల భయం పోగొట్టే పాము ఇది.

కష్టం లేదని అనను. పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. వేడివైపు 31-33 డిగ్రీలు, తేమ 55-65 శాతం కావాలి. తేమ తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఇంకోటి, పెద్దయ్యాక కొన్ని పాములు, ముఖ్యంగా మగవి, జతకట్టే కాలంలో నెలల తరబడి తిండి ముట్టవు. బరువు తగ్గనంతవరకు కంగారు పడక్కర్లేదు. కానీ ప్రతి వారం ఎలుక తినలేదని నిద్ర పట్టనివాళ్లకి ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఆయుష్షు సంగతి కూడా ఆలోచించండి. మంచి సంరక్షణలో 20-30 ఏళ్లు మామూలే. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది, అప్పటికి దాని వయసు కనీసం 62 ఏళ్లని జూ వాళ్లు చెప్పారు. మీ పాప పెద్దదై ఇల్లు వదిలి వెళ్లాక కూడా ఈ పాముని చూసుకోవాల్సింది మీరే.

కుబుసం
ఇద్దరూ చెప్పినవి సరైనవే. కానీ వానకోయిల గారూ, జాతి కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీరు కొనబోయే ఆ ఒక్క పిల్ల తనంతట తాను క్రమం తప్పకుండా తింటోందా లేదా? కొత్తవాళ్ల చేతిలో పిల్ల పాములు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రంగు, గీతలు, పేరు, అన్నీ దీని తర్వాతే.

బ్రీడర్‌ని “తింటోందా?” అని అడగకండి. తింటోందనే చెప్తారు. గుడ్డులోంచి ఏ తేదీన బయటికి వచ్చింది, మొదటి కుబుసం ఎప్పుడు విడిచింది, ఆ తర్వాత ఏ ఏ తేదీల్లో తింది, ఏం తింది, ఎన్నిసార్లు పెట్టినా ముట్టలేదు, ఎప్పుడైనా కక్కేసిందా, ఇవి అడగండి. బాగా పెంచే బ్రీడర్ దగ్గర ప్రతి పిల్ల డబ్బా మీద ఒక కార్డు ఉంటుంది, లేదా ఫోన్‌లో రాసిపెట్టుకుంటారు. అడగ్గానే ఫొటో తీసి పంపుతారు. “అన్నీ నాకు గుర్తున్నాయి” అనేవారి దగ్గర కొనకపోవడమే మంచిది. పదుల కొద్దీ పిల్లలున్నప్పుడు ఎవరికీ గుర్తుండవు.

ఏం తింటోందన్నది ఎందుకు అడగాలంటే, మీరు ఇంట్లో పెట్టబోయేది ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత కరిగించిన ఎలుకనే. బతికున్న ఎలుక తిరగబడి కరిస్తే పాముకి గాయాలవుతాయి. ఇప్పటిదాకా బతికున్నవాటికే అలవాటు పడ్డ పిల్లని గడ్డకట్టిన ఎలుకకి మార్చడం కొత్తవారికి తలనొప్పి. కార్న్ పిల్ల అయితే కరిగించిన పింకీలు, అంటే అప్పుడే పుట్టిన బొచ్చు లేని చిట్టెలుక పిల్లలు, కనీసం ఐదారుసార్లు వరసగా తిని ఉండాలని నా లెక్క. బాల్ పైథాన్ అయితే ఇంకొన్ని ఎక్కువ అడుగుతాను, అదీ ఎలుక జాతి ఏదో తెలుసుకుని. చిట్టెలుకలకి అలవాటు పడ్డ బాల్ పైథాన్ పెద్ద ఎలుక పిల్లని చూసి మొహం తిప్పేసుకోవడం చాలా ఇళ్లలో జరిగే కథే.

బలవంతంగా నోట్లో పెట్టి తినిపించారా అని కూడా తప్పకుండా అడగండి. అలా నిలబెట్టిన పిల్ల చెడ్డదని కాదు. దాన్ని చూసుకోవడం అనుభవం ఉన్నవాళ్ల పని.

ఇంకోటి చెప్తాను, నా అనుభవంలో ఎప్పుడూ తప్పని గుర్తు: మంచి బ్రీడర్ తిరిగి మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు. ఎన్‌క్లోజర్ (పాముని ఉంచే పెట్టె) సిద్ధమైందా, వేడివైపు ఎన్ని డిగ్రీలు, ఎలుకలు ఎక్కడ దొరుకుతాయి, ఇంట్లో పిల్లలున్నారా అని. ఆ ప్రశ్నలకి విసుక్కోకండి.

తూరుపుగాలి
స్పైడర్ గురించి ఎవరూ మాట్లాడలేదే! వానకోయిల గారూ, ఆ పిల్లని దయచేసి కొనకండి. స్పైడర్ జన్యువు ఉన్న బాల్ పైథాన్లన్నిటికీ ఎంతో కొంత తల వణుకుడు ఉంటుంది. కొన్నింటికి కొద్దిగా, కొన్నింటికి తిండి మీదికి గురి పెట్టలేనంతగా, ఒళ్లు తలకిందులయ్యేంతగా. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో స్పైడర్ పాముల లోపలి చెవి, అంటే సమతూకాన్ని చూసుకునే భాగం, సరిగ్గా ఏర్పడటం లేదని తేలింది. పెంపకంలో లోపం కాదిది. ఎంత బాగా చూసుకున్నా పోదు. ఆ గీతలతో పాటే వచ్చే జబ్బు.

బ్రీడర్ “మా దాంట్లో అసలు వణుకుడే లేదు” అనొచ్చు. పిల్ల ప్రశాంతంగా పడుకుని ఉన్న వీడియోలో కనపడకపోవచ్చు. తిండి చూసి ఉద్రేకపడ్డప్పుడు చూడండి.

వానకోయిల
తూరుపుగాలి గారూ, ఇది నాకు అసలు తెలియదు. చాలా థ్యాంక్స్ అండీ. ఆ పిల్ల సంగతి ఇక వదిలేస్తున్నాను. మరి మిగతా మార్ఫ్‌లు? కార్న్ స్నేక్‌లోనూ ఇలాంటి గొడవలున్నాయా?

రెండోజాము
ఉన్నాయి, కానీ తక్కువ. కార్న్‌లో స్టార్‌గేజర్ అని ఒక జన్యువుంది, అదీ తల, సమతూకం మీద పనిచేసేదే. సన్‌కిస్డ్ అనే మార్ఫ్ వంశాల్లో బయటపడింది. కాబట్టి సన్‌కిస్డ్ పిల్లని కొంటుంటే తల్లిదండ్రులకి స్టార్‌గేజర్ పరీక్ష చేయించారా అని అడగండి. మిగతావి, అమెలనిస్టిక్ అంటే నల్లరంగు లేని నారింజ పాము, అనెరిథ్రిస్టిక్ అంటే ఎరుపు లేనిది, ఈ రెండూ కలిసిన తెల్లటి స్నో, వీటిలో ఆరోగ్యపరంగా పెద్దగా తేడా లేదు. నచ్చింది తీసుకోండి.

ప్రకటనల్లో “హెట్” అన్న మాట కనపడుతుంది. ఆ రంగు పైకి కనపడదు గానీ జన్యువు లోపల ఒకటుందని అర్థం. పిల్లల్ని తీసే ఉద్దేశం లేనప్పుడు దానికోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

ఆడా మగా అన్నది కూడా అడగండి, ఎలా తేల్చారో అడగండి. మగపాము అయితే గుడ్ల సమస్య ఉండదు. ఆడ కార్న్ జత లేకపోయినా గుడ్లు పెట్టవచ్చు, అవి లోపల ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

మందులపెట్టె
నేను జంతు వైద్యశాలలో పనిచేస్తాను, అందుకే ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. పిల్లని చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే కళ్ల దగ్గర మొదలుపెట్టండి. రెండూ స్వచ్ఛంగా ఉండాలి. కుబుసానికి ముందు పాలనీలంగా మారతాయి, అది జబ్బు కాదు, కానీ ఆ సమయంలో కొనకండి, కుబుసం అయ్యాక చూడండి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, పిల్లికూతల్లాంటి శబ్దం ఉంటే ఊపిరితిత్తుల సమస్య కావచ్చు. బాల్ పైథాన్లలో నిడోవైరస్ అనే వైరస్ వల్ల ఇలాంటివి వస్తాయి, 2014లో దాన్ని గుర్తించారు. నోటి అంచుల్లో చీము, ఎర్రటి వాపు ఉండకూడదు. వెన్ను వెంట వేలితో నెమ్మదిగా రాస్తే వంకరలు, గడ్డలు తగలకూడదు. మలద్వారం శుభ్రంగా ఉండాలి. ఒళ్లు గుండ్రంగా ఉండాలి, వెన్నెముక పైకి పొడుచుకుని కనపడితే పస్తులున్నట్టే.

చేతిలో పాముని తిరిగి ఇచ్చాక మీ అరచేతులు చూసుకోండి. నల్లటి చుక్కలు కదులుతుంటే అవి మైట్స్, పాముల రక్తం పీల్చే చిన్న పురుగులు. ఆ గదిలో ఏ పామునీ కొనొద్దు. నీళ్ల గిన్నె అడుగున కూడా అవి మునిగి కనపడతాయి.

ఇక పాప సంగతి. పాములు ఏ జబ్బూ లేకుండా కనపడినా సాల్మొనెల్లా క్రిముల్ని మోస్తాయి. ఐదేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, రోగనిరోధక శక్తి తక్కువున్న పెద్దవాళ్లకి ఇది ప్రమాదకరం. పాముల్ని పెంచొద్దని కాదు. పాప పాముని ముట్టకూడదు, ఎన్‌క్లోజర్ సామాను వంటగది సింక్‌లో కడగకూడదు, పాముని పట్టుకున్న ప్రతిసారీ మీరు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంకొంచెం పెద్దయ్యాక పాపకి నేర్పించొచ్చు.

కొనేముందే పాముల్ని చూసే వైద్యుడు అందుబాటులో ఉన్నాడో లేదో కనుక్కోండి. కుక్కల డాక్టర్లందరూ పాముల్ని చూడరు.

పుట్టమన్ను
ఒక చిన్న సంగతి కలుపుతాను. “ఫార్మ్‌లో పుట్టింది” అంటే బ్రీడర్ ఇంట్లో పుట్టిందని కాదు. టోగో, ఘానా, బెనిన్ దేశాల నుంచి బాల్ పైథాన్ పిల్లలు పెద్ద సంఖ్యలో ఎగుమతి అవుతాయి. చాలాచోట్ల కడుపుతో ఉన్న ఆడపాముల్ని అడవిలో పట్టి తెచ్చి, లేదా గుడ్లు ఏరుకొచ్చి, అక్కడ పిల్లల్ని చేయిస్తారు. అలా వచ్చిన పిల్లలు పరాన్నజీవులతో, తిండి తినకుండా చేతికి రావచ్చు. పైగా అడవి మీద భారం. అందుకే తల్లినీ తండ్రినీ చూపించమని అడగండి, అవి బ్రీడర్ దగ్గరే ఉంటే చూపించడానికి అభ్యంతరం ఉండదు. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జాతి, దేశం దాటి వచ్చిందైతే కాగితాలు ఉండాలి.

అడవిలో పట్టిన పాముని ఎవరైనా “పెంపుడుది” అని అమ్మితే మాత్రం మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి.

చెరువుగట్టు
నాదొక చిన్న ప్రశ్న, చర్చ మళ్లిస్తున్నానని అనుకోకండి. ఒంటరిగా ఉంటే పాముకి దిగులు కదా, రెండు పిల్లల్ని కలిపి కొనొచ్చా?

నల్లరేగడి
వద్దు. కార్న్, బాల్ పైథాన్ రెండూ ఒంటరిగా బతికే జాతులే. కలిపి పెడితే తిండి దగ్గర ఒకదాన్నొకటి కరుస్తాయి, వేడిచోటు కోసం పోటీ పడతాయి, ఒకదానికి జబ్బు చేస్తే రెండోదానికీ వస్తుంది, ఏది కక్కిందో ఏది తినలేదో మనకి తెలియదు. కింగ్ స్నేక్ అయితే పక్కదాన్ని మింగేస్తుంది కూడా, పాముల్ని తినడం దాని నైజం.

వానకోయిల
రెండు రోజులు టైం తీసుకుని ఇద్దరు బ్రీడర్లనీ మీరు చెప్పినవన్నీ అడిగాను. బాల్ పైథాన్ ఆయన “బాగా తింటోంది, మీకెందుకు కంగారు” అన్నారు. తేదీలు లేవు. పెట్టేది బతికున్న చిట్టెలుకలట. తల్లిదండ్రులు “వేరే చోట ఉన్నాయి”. సాయంత్రానికల్లా అడ్వాన్స్ పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. నేను పంపలేదు.

కార్న్ బ్రీడర్ ఆమె మొత్తం కార్డు ఫొటో పంపారు, తల్లీతండ్రుల ఫొటోలు పంపారు, నన్ను మీ ఎన్‌క్లోజర్ ఫొటో పంపండి అని అడిగారు. నాకు ఒక అనెరిథ్రిస్టిక్ మగపిల్ల నచ్చింది. కానీ దాని కార్డులో ఒకచోట “కక్కింది” అని రాసి ఉంది. అడిగితే, పింకీ కన్నా పెద్ద సైజు ముందే పెట్టాను, అందుకే కక్కింది, తర్వాత రెండు వారాలు ఆపి చిన్నది పెట్టాను, ఆ తర్వాత మూడుసార్లు చక్కగా తిని అరిగించుకుంది అన్నారు. ఇదే తీసుకోవచ్చా, లేక ఏ మచ్చా లేని దాని చెల్లిని తీసుకోవాలా? మనసు దీని మీదే ఉంది.

మొగలిపొద
బాల్ పైథాన్ వైపు వాదించినదాన్ని నేనే, అయినా చెప్తున్నాను, ఆయన దగ్గర కొనకపోవడం చాలా మంచి పని. ఇవాళే డబ్బు పంపమని తొందరపెట్టేవాళ్లు రేపు పిల్ల తినకపోతే ఫోన్ ఎత్తరు.

నల్లరేగడి
చెల్లిని తీసుకోండి. మొదటి పాము, అనుభవం లేదు. ఒకసారి కక్కిన పిల్లతో మొదలుపెట్టడం ఎందుకు? కక్కడంతో కడుపులోని ఆమ్లం గొంతుని దెబ్బతీస్తుంది, లోపలి మంచి సూక్ష్మజీవులు పోతాయి, మళ్లీ కక్కే అవకాశం ఉంటుంది.

కుబుసం
నల్లరేగడి గారితో ఈసారి ఏకీభవించలేను. కక్కడానికి కారణం తెలుసు. ఆ కారణం సరిదిద్దారు. రెండు వారాల విరామం, చిన్న తిండి, ఆ తర్వాత మూడు భోజనాలు నిలిచాయి. సరిగ్గా చేయాల్సిందే చేశారామె. అన్నిటికన్నా నాకు నచ్చింది, దాచిపెట్టలేదు. కార్డులోంచి ఆ ఒక్క గీత కొట్టేసి ఉంటే మీకు తెలిసేదా? ఆ గీత రాసిన మనిషి రేపు ఏదైనా తేడా వస్తే మీకు నిజం చెప్తుందన్న నమ్మకం ఉంటుంది.

మధ్యే మార్గం ఒకటుంది. వెంటనే ఇంటికి తేవద్దు. ఇంకో రెండుసార్లు ఆమె దగ్గరే తిననివ్వండి. పిల్లలకి ఐదారు రోజులకోసారి కాబట్టి పెద్ద ఆలస్యమేం కాదు. ఆ రెండూ నిలిస్తే తెచ్చుకోండి.

మందులపెట్టె
కుబుసం గారి పద్ధతే మంచిది. దానికి తోడు, మలం నమూనా పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది. పదే పదే కక్కడం, నడుము దగ్గర వాపు, ఇవి క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సోకితే కనపడే లక్షణాలు. ఒక్కసారి పెద్ద తిండి పెట్టి కక్కిన పిల్లకి అది ఉందని అనలేం, కానీ పరీక్షతో మీ అనుమానం తగ్గుతుంది. ఒక్క నమూనాలో దొరకకపోవచ్చు కూడా, అందుకే తిండి లెక్కనే ఎక్కువ నమ్మండి.

నల్లరేగడి
సరే, రెండు భోజనాలు చూసి అంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఇంటికొచ్చాక ఒక్కసారి కక్కినా ఏం చేయాలో ఆమెతో ముందే మాట్లాడుకోండి, వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది రాతపూర్వకంగా ఉండనివ్వండి.

తూరుపుగాలి
ఎలా తెచ్చుకుంటున్నారు? వెళ్లి తెచ్చుకునే వీలుంటే అదే మేలు. పిల్లని గుడ్డసంచిలో వేసి, ముడి గట్టిగా వేసి, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టి, నేరుగా ఎండ తగలకుండా తీసుకురండి. తిన్న రెండు మూడు రోజుల లోపు ప్రయాణం పెట్టుకోకండి, కుదుపులకి మళ్లీ కక్కుతుంది. ఈ పిల్ల విషయంలో అది మరీ ముఖ్యం.

మొగలిపొద
ఇంటికొచ్చాక వారం రోజులు ముట్టుకోకండి. నీళ్లు మార్చడం, ఉష్ణోగ్రత చూడటం, అంతే. మొదటి తిండి కూడా ఆ వారం తర్వాతే, ఆమె పెట్టే సైజే, ఆమె పెట్టే పద్ధతే. తిన్నాక 48 గంటలు చేతిలోకి తీసుకోవద్దు. ఫొటోలు తీయాలని చేతులు లాగుతాయని తెలుసు, అయినా ఆగండి.

వానకోయిల
ఆమెతో మాట్లాడాను. రెండు భోజనాల దాకా ఉంచడానికి సంతోషంగా ఒప్పుకున్నారు, వెనక్కి తీసుకునే షరతు మెసేజ్‌లో రాసి పంపారు. ఎన్‌క్లోజర్ ఈ వారమే నడిపి చూస్తున్నాను. దాక్కోవడానికి వేడివైపు ఒకటి, చల్లవైపు ఒకటి పెట్టాను. కింద ఆస్పెన్ చెక్క పొట్టు వేశాను. హీట్ మ్యాట్ అడుగున ఒక వైపే ఉంది, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉంది. ఇబ్బంది ఏంటంటే థర్మోస్టాట్ 30 అని చూపిస్తోంది, కానీ నేను పెట్టిన వేరే థర్మామీటర్ 35 దాటింది. ఏది నమ్మాలి?

కుబుసం
థర్మోస్టాట్ ప్రోబ్, అంటే తీగ చివర వేడిని కొలిచే భాగం, ఎక్కడ పెట్టారు? గాలిలో వేలాడుతుంటే అది గాలి వేడినే కొలుస్తుంది, నేల కాలిపోతున్నా దానికి తెలియదు. పాము పడుకునేది నేల మీద. ప్రోబ్‌ని మ్యాట్ పైన, గాజుకి ఆనించి, పాము కదిలించలేనట్టు బయటి వైపు నుంచి బిగించండి. లోపల టేప్ వాడొద్దు, పిల్ల దానికి అతుక్కుంటే చర్మం ఊడుతుంది. తర్వాత వేడివైపు గూడు కింద పొట్టు పక్కకి జరిపి, గాజు మీద రెండో థర్మామీటర్‌తో కొలవండి. పిల్ల పొట్టులోకి దూరి నేరుగా గాజు మీదే పడుకుంటుంది కాబట్టి అక్కడి అంకే లెక్క. అది 30 దాటకుండా థర్మోస్టాట్ తగ్గించుకుంటూ రండి, పగలూ రాత్రీ రెండు పూటలా చూడండి. అది నిలకడగా ఉందని తేలేదాకా పిల్లని తేవద్దు.

వానకోయిల
గాలిలోనే వేలాడుతోంది. ఇప్పుడే మారుస్తాను. రేపు రాత్రి రీడింగులు ఇక్కడే పెడతాను.